గ్యాస్ గీజర్‌ని బాత్రూంలో పెట్టొచ్చా? వెంటిలేటర్ ఉంటే సరిపోదా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ: హైదరాబాద్‌లో అద్దె ఫ్లాట్. ఇంట్లో అయిదుగురు. చలికాలం వస్తే కరెంటు గీజర్‌కి బిల్లు వాచిపోతోందని 6 లీటర్ల గ్యాస్ గీజర్ కొన్నారు. ప్లంబర్ దాన్ని బాత్రూంలో షవర్ పక్క గోడకి బిగిస్తానంటున్నాడు. వంటింటి సిలిండర్ నుంచే టీ (గ్యాస్ ట్యూబ్‌ని రెండుగా చీల్చే జాయింటు) వేసి లైను లాగుతాడట. బాత్రూంకి వెంటిలేటర్ ఉంది, అది డక్ట్‌లోకి (పైపుల కోసం ఫ్లాట్ల మధ్య వదిలిన సందులోకి) తెరుచుకుంటుంది. ఇలా పెడితే సేఫేనా అని అడిగారు.

సేఫ్ కాదు. బాత్రూంలో పెట్టొద్దు. టీ కూడా వేయించొద్దు. గీజర్‌ని యుటిలిటీ బాల్కనీలో, బయటి గాలి ధారాళంగా తగిలే గోడకి పెట్టించి, వేడినీళ్ల పైపు ఒక్కటే బాత్రూంలోకి తెచ్చుకోండి. దానికి వేరే సిలిండర్, వేరే రెగ్యులేటర్ ఉండాలి. అలా కుదరకపోతే గీజర్ వాపసు ఇచ్చేయండి. కరెంటు బిల్లు కట్టుకోవడమే నయం.

నేను చాలా ఏళ్లు విజయవాడలో ఒక గ్యాస్ ఏజెన్సీలో మెకానిక్‌గా చేశాను. ఇప్పుడు స్టవ్‌లు, గీజర్ల పని సొంతంగా చూసుకుంటున్నాను. ఈ ప్రశ్న ప్రతి చలికాలం వస్తుంది. అడిగేవాళ్లలో ఎక్కువమంది భయపడేది లీకేజీ గురించి. "వాసన వస్తే తెలిసిపోతుంది కదా, కట్టేస్తాం" అంటారు. గీజర్ విషయంలో అసలు ముప్పు కాలని గ్యాస్‌తో కాదు, కాలిన గ్యాస్‌తో. దానికి వాసన ఉండదు.

గీజర్ అంటే గోడకి తగిలించిన పెద్ద పొయ్యి. ఎంత పెద్దదంటే, మీ ఇంట్లో నాలుగు బర్నర్ల స్టవ్ ఉండి నాలుగూ ఫుల్లుగా వెలిగించినా, 6 లీటర్ల గీజర్ కాల్చినంత గ్యాస్ కాలదు. గీజర్ గంటకి సుమారు 800 నుంచి 900 గ్రాముల గ్యాస్ తాగుతుంది. కిలో గ్యాస్ పూర్తిగా కాలాలంటే దాదాపు 12 ఘనపు మీటర్ల గాలి కావాలి. ఇప్పుడు మీ బాత్రూం లెక్క చూద్దాం. అపార్ట్‌మెంట్ బాత్రూం మామూలుగా 5 అడుగులు, 7 అడుగులు, ఎత్తు 8 అడుగులు ఉంటుందనుకుంటే లోపలి గాలంతా కలిపి 8 ఘనపు మీటర్లు. గీజర్ 20 నిమిషాలు నడిస్తే అందులో దాదాపు సగం గాలిలోని ఆక్సిజన్‌ని అదే తినేస్తుంది. మీరు పీల్చుకోవాల్సిన గాలి కూడా అదే.

నిజానికి సగం దాకా కూడా పోనక్కర్లేదు. ఆక్సిజన్ కాస్త తగ్గేసరికే మంట సరిగా కాలడం మానేస్తుంది, కార్బన్ మోనాక్సైడ్ పుట్టడం మొదలవుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. గ్యాస్ కంపెనీ కలిపే ఆ కుళ్లు వాసన మంటలో కాలిపోతుంది కాబట్టి అదీ ఉండదు. రక్తంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌కంటే 200 రెట్లకి పైగా బలంగా దీన్ని పట్టుకుంటుంది. ముందు తలనొప్పి, కళ్లు తిరగడం, వాంతి వచ్చినట్టుండటం, కాళ్లలో సత్తువ పోవడం. వేడినీళ్ల ఆవిరికి అలా అవుతోందేమో అనుకుంటాం. తలుపు గడియ తీద్దామని తెలుస్తూనే ఉంటుంది, చెయ్యి లేవదు.

విజయవాడలోనే ఒక ఇంట్లో కాలేజీ చదివే అమ్మాయి స్నానాల గదిలో పడిపోయింది. ఇంట్లోవాళ్లు ముందు బీపీ డౌన్ అనుకున్నారు, తర్వాత ఫిట్సేమో అనుకున్నారు. రెండుసార్లు పరీక్షలు చేయించారు, ఏమీ తేలలేదు. నీళ్లు సరిగా వేడెక్కడం లేదని నన్ను పిలిచారు. వెళ్లి చూస్తే వెంటిలేటర్ అద్దాల మధ్య న్యూస్‌పేపర్ మడతపెట్టి దోపి ఉంది, చలిగాలి వస్తోందని. గీజర్ ముందున్న చిన్న కిటికీలోంచి చూశాను. మంట నీలంగా, పొట్టిగా, ఒకే వరసలో ఉండాల్సింది. అది పసుపుపచ్చగా సాగి, పైకి నాలుకలు చాస్తోంది. గీజర్ పైన టైల్స్ మీద అరచేతి వెడల్పు మసి మరక. వేలుతో తుడిస్తే నల్లగా అంటుకుంది. ఆ అమ్మాయికి వచ్చింది బీపీ కాదని మరక చూస్తేనే అర్థమైంది. ఆ రోజే గీజర్ విప్పించి వెనక వరండాలోకి మార్పించాను. మళ్లీ ఆ అమ్మాయి పడిపోయిందన్న మాట వినలేదు.

"వెంటిలేటర్ ఉంది కదా" అంటే: మీది డక్ట్‌లోకి తెరుచుకుంటుంది అన్నారు. డక్ట్ బయటిగాలి కాదు. అయిదంతస్తుల బాత్రూంలూ అందులోకే తెరుచుకుంటాయి. అడుగున మూసి, పైన ఎవరో రేకు కప్పి ఉంటే అందులో గాలి కదలదు. మీ పొగ పైఫ్లాటు వాళ్లకి, కింది ఫ్లాటులో ఎవరైనా గీజర్ పెడితే వాళ్ల పొగ మీకు. పైగా వెంటిలేటర్ ఉన్నా చలికాలంలో మూసేస్తాం. వాడకం ఎక్కువున్న రోజుల్లోనే మూసేస్తాం, అదీ దీనిలో తిరకాసు.

"ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసుకుంటాం" అంటే: ఫ్యాన్ గాలిని బయటికి తోస్తుంది, బాగానే ఉంది. లోపలికి గాలి ఎక్కణ్ణుంచి వస్తుంది? తలుపు కింద సందు లేకపోతే ఆ ఫ్యాన్ తిరిగీ ఉపయోగం లేదు. పొగగొట్టం ఉన్న గీజర్ అయితే ఇంకా ప్రమాదం, గొట్టంలోంచి పోవాల్సిన పొగని ఫ్యాన్ వెనక్కి గదిలోకి లాగుతుంది.

"20 నిమిషాలకి అదే ఆగిపోతుంది, సెన్సర్ ఉంది" అంటే: ఆ టైమర్, ఆక్సిజన్ తగ్గితే ఆపే సెన్సర్ ఉన్న మోడలే కొనాలి, అందులో అనుమానం లేదు. అయితే టైమర్‌కి మీ బాత్రూంలో గాలి ఎంత ఉందో తెలీదు. ఆగిన వెంటనే కుళాయి కట్టి మళ్లీ తిప్పితే మళ్లీ వెలుగుతుంది. భోగి నాడు ఏం జరుగుతుందో ఆలోచించండి. ఊర్నించి చుట్టాలు దిగుతారు, తెల్లవారుజామునే అందరికీ తలంటు. ఒకళ్లు బయటికి రాగానే ఇంకొకళ్లు లోపలికి. తలుపు తెరిచి ఉండేది అర నిమిషం. గీజర్‌కి విరామం లేదు, గదికి కొత్త గాలి లేదు. నాలుగో మనిషి పీల్చేది ముందు ముగ్గురూ వాడి వదిలిన గాలి. బాలింత స్నానం, పసిపిల్లల స్నానం సంగతీ ఇంతే. చలి తగలకూడదని తలుపు సందుల్లో తువ్వాలు కూడా పెడతారు. అలాంటి చోట గ్యాస్ గీజర్ అసలు వెలిగించకూడదు.

ఇక బాల్కనీలో పెట్టడం ఎలాగో చెప్తాను.

యుటిలిటీ అంటే నిజంగా తెరిచి ఉన్న యుటిలిటీ అయ్యుండాలి. హైదరాబాద్‌లో చాలామంది పావురాల బాధకి దాన్ని అద్దాల కిటికీలతో మూసేస్తున్నారు. అలా మూస్తే అదీ ఒక గదే, పైన చెప్పినవన్నీ దానికీ వర్తిస్తాయి. నెట్ కట్టుకోండి, అద్దాలు వద్దు. గీజర్‌కి సరిగ్గా పైన బాత్రూం వెంటిలేటర్ గానీ బెడ్‌రూం కిటికీ గానీ లేకుండా చూడండి, పొగ తిన్నగా అందులోకే పోతుంది. వాన జల్లు పడకుండా చిన్న షేడ్ ఉండాలి. గాలి విసురుకి మంట ఆరితే గ్యాస్ ఆపేసే ఏర్పాటు గీజర్‌లో ఉందో లేదో కొన్న పెట్టె మీద చదవండి. ఐఎస్ఐ మార్కు లేకపోతే చర్చే లేదు. ఎల్పీజీతో నడిచే చిన్న గీజర్లకి ఐఎస్ 15558 అని ప్రమాణం ఉంది, ఆ నంబరు మార్కు పైనే ఉంటుంది.

అక్కణ్ణుంచి బాత్రూంకి వేడినీళ్ల పైపు సీపీవీసీదే (వేడిని తట్టుకునే ప్లాస్టిక్‌ది) వేయించండి. మామూలు పీవీసీ వేడికి మెత్తబడుతుంది. దూరం ఎక్కువైతే మొదట ఒక బకెట్ దాకా చల్లనీళ్లే వస్తాయి, అది తప్పదు. మీది చివరి అంతస్తు అయితే ఇంకో చిక్కు ఉంది. ట్యాంకు నెత్తి మీదే ఉంటుంది కాబట్టి నీళ్ల ఒత్తిడి చాలక గీజర్ వెలగకపోవచ్చు. కొనేముందు ఎవరూ చెప్పరు ఈ మాట. అప్పుడు చిన్న ప్రెషర్ పంపు పెట్టించుకోవాల్సి వస్తుంది.

టీ గురించి. రబ్బరు ట్యూబ్‌కి మధ్యలో అతుకు ఉండకూడదు, టీ వేయకూడదు, ఒక రెగ్యులేటర్ మీద రెండు సామాన్లు నడపకూడదు. గీజర్ ఒక్కసారిగా గ్యాస్ లాగితే అదే లైనులో సిమ్‌లో ఉన్న స్టవ్ మంట ఆరిపోవచ్చు. గీజర్ ఆగగానే ఒత్తిడి మళ్లీ వస్తుంది, మంట లేని బర్నర్‌లోంచి గ్యాస్ వస్తూనే ఉంటుంది. పాలు సిమ్‌లో పెట్టి హాల్లో కూర్చోవడం మన ఇళ్లలో కొత్తేమీ కాదు కదా. అందుకే మీకు డబుల్ సిలిండర్ కనెక్షన్ ఉంటే రెండోదాన్ని గీజర్‌కి వాడుకోండి. లేకపోతే ఏజెన్సీలో రెండో సిలిండర్‌కి, రెండో రెగ్యులేటర్‌కి అడగండి. బజార్లో దొరికే రెగ్యులేటర్ కొనకండి.

ట్యూబ్ విషయంలో నేను ఎవరి మాటా వినను. ఐఎస్ 9573 ముద్ర ఉన్న సురక్షా ట్యూబ్, ఒకటిన్నర మీటరుకి మించకుండా, అయిదేళ్లకోసారి మార్చాలి. తయారైన తేదీ ట్యూబ్ మీదే అచ్చు వేసి ఉంటుంది. ప్లంబర్లు వాడే ఆ పారదర్శకమైన ప్లాస్టిక్ పైపు, తోటకి నీళ్లు పట్టే పచ్చ పైపు గ్యాస్‌కి పనికిరావు. గ్యాస్ తగిలి కొన్నాళ్లకి గట్టిపడి పగులుతాయి. ట్యూబ్‌ని గోడలో బెజ్జం చేసి అవతలికి లాగకూడదు. గోడ దాటాలంటే రాగి పైపో జీఐ (జింకు పూత ఉన్న ఇనుప) పైపో వేయాలి, అదీ గ్యాస్ పని తెలిసినవాడే వేయాలి. ట్యూబ్ అందంగా కనిపించాలని గుడ్డ తొడుగు వేస్తారు కొందరు. ఎలుక కొరికితే తొడుగు కింద కనబడదు. ఎలుకలు కొరికిన ట్యూబ్‌లు చాలా చూశాను, వాటిలో సగం తొడుగు కిందే దొరికాయి.

బిగించాక లీకు చూడటం: గిన్నెలో సబ్బునీళ్లు కలిపి నురగ వచ్చేలా గిలకొట్టండి. రెగ్యులేటర్, ట్యూబ్ కలిసే చోట, ట్యూబ్ గీజర్‌కి ఎక్కిన చోట, రెగ్యులేటర్ సిలిండర్ మీద కూర్చున్న అంచు చుట్టూ వేలుతో రాయండి. అర నిమిషం కదలకుండా చూడండి. లీకు పెద్దదైతే బుడగలు వెంటనే ఉబ్బుతాయి. సన్నదైతే ఒకే చోట చిన్న తెల్లటి నురగ పుట్టగొడుగులా నెమ్మదిగా పెరుగుతుంది. అగ్గిపుల్ల గీసి చూసే మనిషి ఎవరైనా సరే, ఇంట్లోంచి పంపించేయండి.

సిలిండర్ వచ్చినప్పుడు డెలివరీ అబ్బాయి వెళ్లకముందే మూత తీయించి వాల్వ్‌లో రెండు చుక్కల నీళ్లు పోయించండి. బుడగలు వస్తే వాల్వ్ లీకవుతోందన్నమాట, సిలిండర్ వెనక్కి పంపండి. ఇది చూపించడం వాళ్ల డ్యూటీలో భాగమే, మొహమాటం అక్కర్లేదు. సిలిండర్ కాలరు (చేత్తో పట్టుకునే పై చుట్టు) కింద రేకు మీద డి-27 లాంటిది రాసుంటుంది. అది 2027 డిసెంబరు, సిలిండర్‌ని మళ్లీ పరీక్ష చేయాల్సిన గడువు. ఏ అంటే మార్చి, బి జూన్, సి సెప్టెంబరు. గడువు దాటిన సిలిండర్ తీసుకోకండి. నైలాన్ తాడు ఉన్న ఆ ప్లాస్టిక్ మూత పారేయకండి, లీకైనప్పుడు వాల్వ్ మీద నొక్కాల్సింది దాన్నే.

సిలిండర్ ఎప్పుడూ నిలబెట్టే ఉంచాలి. గీజర్‌కి పెట్టినదాన్ని చెక్క కబోర్డులో మూసేయాలని మీ ఇంటావిడ అంటున్నారని రాశారు. పెట్టొచ్చు, కానీ తలుపుకి అడుగున, నేలకి ఆనుకుని, రంధ్రాలు ఉండాలి. పైన ఉంటే లాభం లేదు. ఎల్పీజీ గాలికంటే ఒకటిన్నర నుంచి రెండు రెట్లు బరువు. లీకైతే నేల మీద పరుచుకుంటుంది, గాలిలో 2 శాతం కలిసిందంటే అంటుకోవడానికి చాలు. అందుకే వంటింట్లో దేవుడి గూడు ఉన్నవాళ్లకి నేను ప్రత్యేకంగా చెప్తుంటాను: దీపం నేల మీద పెట్టకండి, సిలిండర్ మార్చేటప్పుడు దీపం కొండెక్కాకే మార్చండి. ఫ్రిజ్‌కి కూడా సిలిండర్ దూరంగా ఉండాలి. అది దానంతటదే ఆన్ అయ్యేటప్పుడు లోపల చిన్న నిప్పురవ్వ వస్తుంది.

కొందరికి పీఎన్‌జీ (పైపులో ఇంటికొచ్చే గ్యాస్) లైన్ ఉంటుంది, వాళ్లకి రెండు ముక్కలు. పీఎన్‌జీ గాలికంటే తేలిక, పైకి పోతుంది. లీక్ డిటెక్టర్ కప్పు దగ్గర పెట్టాలి. ఎల్పీజీకైతే నేలకి అడుగెత్తులో. ఇంక పీఎన్‌జీ కోసం చేసిన గీజర్‌ని సిలిండర్‌కి తగిలించకూడదు. దాని జెట్ (బర్నర్‌లోకి గ్యాస్ చిమ్మే చిన్న ముక్క) బెజ్జాలు పెద్దవి, ఎల్పీజీ ఎక్కువ వచ్చేసి మంట పసుపుగా, మసిగా ఎగుస్తుంది. లీక్ డిటెక్టర్ వేరు, కార్బన్ మోనాక్సైడ్ అలారం వేరు అన్నది కూడా గుర్తుంచుకోండి. మొదటిది ఉంది కదా అని రెండోదాని పని అది చేయదు.

మెయింటెనెన్స్ పెద్దగా ఏమీ లేదు. ఏడాదికోసారి, వానలు తగ్గాక చలి మొదలవకముందు, కవర్ విప్పించి లోపలి రాగి రెక్కల మధ్య దుమ్ము, సాలెగూళ్లు తీయించండి. వేసవి అంతా వాడకుండా ఉంచి డిసెంబరులో ఒక్కసారి వెలిగిస్తాం, అప్పుడే గొడవ. రెక్కలు మూసుకుపోతే పొగ పైకి పోక ముందు నుంచి వస్తుంది. వాడని నెలల్లో సెల్లులు తీసేయండి, కారితే స్పార్క్ సరిగా రాదు. వెలిగేటప్పుడు భక్కుమని చప్పుడు వస్తోందంటే మంట ఆలస్యంగా అంటుకుంటోందని అర్థం, ఆ రోజే ఆపేసి మెకానిక్‌ని పిలవండి. బోరునీళ్లయితే లోపల ఉప్పు గట్టిగా పేరుకుంటుంది, నీళ్లు లోపలికి వచ్చే చోట ఉన్న జాలీ కడగండి. జెట్‌లోకి పిన్నీసు గుచ్చడం మాత్రం చేయొద్దు. బెజ్జం పెద్దదవుతుంది. స్టవ్‌లకీ ఇదే జబ్బు, గిన్నెల అడుగులు నల్లబడుతున్నాయని నన్ను పిలిచిన చోట చాలాసార్లు పిన్నీసే కారణం.

ఏజెన్సీ వాళ్లు అయిదేళ్లకోసారి ఇంటికొచ్చి తనిఖీ చేయాలి. వస్తే గీజర్ దాచకండి. అడుగుతారేమోనని కప్పేసేవాళ్లని చూశాను.

ఏదైనా జరిగితే: గ్యాస్ వాసన వస్తే ఏ స్విచ్చీ ముట్టుకోకండి. ఆన్‌లో ఉన్నది ఆఫ్ చేయడం కూడా వద్దు, ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేయడం అసలే వద్దు. రెగ్యులేటర్ కట్టేసి, తలుపులు తెరిచి, బయటికొచ్చి 1906కి ఫోన్ చేయండి, అది గ్యాస్ లీకేజీకే ఉన్న నంబరు. బాత్రూంలో మనిషి పలకకపోతే తలుపు పగలగొట్టండి, ఊపిరి బిగబట్టి లోపలికెళ్లి బయటి గాలిలోకి ఈడ్చుకురండి, ఆ తర్వాత 108. హాస్పిటల్లో మొట్టమొదట చెప్పాల్సిన మాట "గ్యాస్ గీజర్ నడుస్తోంది" అని. ఎందుకంటే కోవిడ్ టైములో అందరం కొనుక్కున్న ఆ వేలికి పెట్టే ఆక్సీమీటర్ కార్బన్ మోనాక్సైడ్‌కీ ఆక్సిజన్‌కీ తేడా కనిపెట్టలేదు. మనిషి స్పృహ లేకుండా ఉన్నా 98 చూపించగలదు. అది చూసి పర్లేదనుకుని ఇంట్లో పడుకోబెట్టకండి.

ఓనర్‌ని గోడకి బెజ్జం కొట్టొచ్చా అని ఎలా అడగాలో తెలీట్లేదన్నారు. పైపుకి కావాల్సింది ఒక అంగుళం బెజ్జం. ఖాళీ చేసేటప్పుడు పూడ్పించి ఇస్తానని మెసేజ్ పెట్టండి, చాలామంది ఒప్పుకుంటారు. పాత కరెంటు గీజర్ మాత్రం పీకించకండి. యుటిలిటీ ఫొటో, బాత్రూం ఎటువైపు ఉందో కనబడేలా ఒకటి పెడితే పైపు ఎక్కణ్ణుంచి తేవాలో చెప్తాను.